నాలుక మీద చచ్చిన తీపి... నెత్తురులో చస్తుందా?

పొడపత్రి ఆకు నమిలితే చక్కెర చప్పబడిపోతుంది. ఆ వింత చూసి షుగరు గోళీలు పక్కన పెట్టేసి ఆకు పొడి పట్టేవాళ్లున్నారు. నల్లమల తీగలో నిజమెంత? నమ్మకమెంత? ప్రమాదమెక్కడ?

సంత మూలన చెట్టు నీడలో గోనెపట్టా పరిచి వేర్లు, గడ్డలు, ఎండుటాకుల కట్టలు పెట్టుకుని ఒకతను కూర్చున్నాడనుకోండి. ఎదురుగా ఓ పెద్దమ్మ. మూడేళ్లుగా షుగరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌... ఏ ఊరి సంతైనా అనుకోండి, మాటలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

"ఈ ఆకు నములు పెద్దమ్మా. నమిలి ఊసెయ్‌. ఇగ ఈ చక్కెర నోట్లె ఏసుకో."

"ఏసుకున్న బిడ్డా."

"తియ్యగున్నదా?"

"ఏడ తియ్యగ! ఇసుక నమిలినట్టున్నది."

"చూస్తివా? నోట్లె చక్కెర ఎట్ల సచ్చిందో, నీ ఒంట్లె చక్కెర గూడ అట్లనే సస్తది. నలభై దినాలు తిను. గోళీలు పారెయ్‌."

ఇందులో కనికట్టేమీ లేదు. ఆకు నిజంగానే ఆ పని చేస్తుంది. మీరు నమిలినా, డాక్టరు నమిలినా కాసేపు తీపి తెలియదు. చిక్కంతా ఆ చివరి మాటలతోనే. నాలుక మీద జరిగింది కళ్లారా చూశాక నెత్తురులోనూ అదే జరుగుతుందని నమ్మడం సులువు. కానీ ఆ రెండూ వేరు వేరు సంగతులు. ఆ తేడా తెలియక గోళీలు పారేసినవాళ్లు చెల్లించే మూల్యం చాలా పెద్దది.

పొట్టేలు కొమ్ము తీగ

పొడపత్రి పొదల మీదికీ చెట్ల మీదికీ ఎగబాకే తీగ. జిల్లేడుకు దగ్గరి చుట్టం. ఆకులు ఎదురెదురుగా రెండేసి వస్తాయి. చేత్తో తడిమితే మెత్తటి నూగు తగులుతుంది. పూలు చిన్నవి, పసుప్పచ్చనివి. కాయ మొనదేలి ఉంటుంది. ఎండి పగిలితే జిల్లేడు కాయలోలాగే దూది కట్టుకున్న గింజలు గాలికి ఎగిరిపోతాయి. పొట్టేలు కొమ్ము అనే అర్థంలో సంస్కృతంలో దీన్ని మేషశృంగి అన్నారు. మధునాశిని అన్నా ఇదే. హిందీలో గుడ్మార్‌... అంటే బెల్లాన్ని చంపేది. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు జిమ్నీమా సిల్వెస్ట్రి.

పాత మహబూబ్‌నగర్‌ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ వేరుపడి మూడు జిల్లాలయ్యాయి. నల్లమల అడవి నాగర్‌కర్నూల్‌ వాటాకు వచ్చింది. అచ్చంపేట దాటి మన్ననూరు మీదుగా శ్రీశైలం రోడ్డు పడితే అమ్రాబాద్‌ పులుల అభయారణ్యమే. ఆ అడవి లోపల పెంటల్లో చెంచులుంటారు. తేనె, జిగురు, గడ్డలు, ఆకులు... అడవి ఇచ్చిందే వాళ్ల బతుకు. ఏ తీగ ఎక్కడుందో, ఏ ఆకు ఎప్పుడు కోయాలో తరతరాలుగా తెలిసినవాళ్లు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వెళ్లే భక్తులు మొక్కుతోపాటు నల్లమల మందుల మీద నమ్మకాన్నీ వెంట తెచ్చుకుంటారు.

కానీ అడవిలో చెంచు చేత్తో కోసిన పచ్చి ఆకుకూ, ఎవరో ఎండబెట్టి, ఎవరో పొడి కొట్టి, ఎవరో పొట్లం కట్టిన మందుకూ మధ్య చాలా చేతులు మారతాయి. అడవి పేరు పొట్లం మీద ఉంటుంది. అడవి ఎరిగిన మనిషి మాత్రం అక్కడ ఉండడు.

తీపి ఎక్కడికి పోయింది?

ఈ ఆకు గుట్టు బయటి ప్రపంచానికి తెలిసి నూట డెబ్భై ఏళ్లు దాటింది. మన దేశంలో పనిచేసిన ఎడ్జ్‌వర్త్‌ అనే అధికారి పొడపత్రి ఆకు నమిలాక టీలో చక్కెర రుచి తెలియడం లేదని గమనించాడు. ఆ సంగతి 1847లో లండన్‌లోని లినియన్‌ సొసైటీ దృష్టికి వెళ్లింది. నలభై ఏళ్ల తర్వాత, 1887లో, ఊటీలో పనిచేసిన డేవిడ్‌ హూపర్‌ అనే రసాయన శాస్త్రవేత్త ఆ ఆకులోంచి తీపిని అణచే పదార్థాన్ని వేరుచేశాడు. దానికి జిమ్నెమిక్‌ ఆమ్లం అని పేరు పెట్టాడు.

అది చేసే పని మరీ అంతుపట్టనిదేం కాదు. మన నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాలు ఉంటాయి. చక్కెర వచ్చి తగిలితే అవి మెదడుకు కబురు పంపుతాయి. పొడపత్రిలోని ఆమ్లాలు ఆ గ్రాహకాలకు అతుక్కుని కబురు పోకుండా అడ్డుపడతాయి. తలుపు గడియ పెట్టినట్టన్నమాట. కొన్ని నిమిషాల నుంచి అరగంట, ఒక్కోసారి గంట వరకూ ఆ గడియ ఉంటుంది. ఉప్పు, పులుపు మామూలుగానే తెలుస్తాయి. తర్వాత ఉమ్మితో కొట్టుకుపోయి తీపి తిరిగి వస్తుంది.

ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒక్కటే. నోట్లో వేసుకున్న చక్కెర ఎక్కడికీ పోలేదు. రుచి తెలియలేదంతే. మింగితే అది కడుపులోకీ, అక్కణ్నుంచి నెత్తురులోకీ పోతుంది. కళ్లు మూసుకుంటే ఎదురుగా ఉన్న బస్సు మాయం కాదు కదా!

అలాగని ఈ గడియకు ఉపయోగం లేకపోలేదు. తీపి తెలియకపోతే తీపి మీద యావ తగ్గుతుంది. న్యూజిలాండ్‌లోని మాస్సీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో జిమ్నెమిక్‌ ఆమ్లాలున్న బిళ్ల చప్పరించినవాళ్లు మామూలు బిళ్ల చప్పరించినప్పటి కంటే చాకొలెట్లు తక్కువగా తిన్నారు. స్వీటు పెట్టె కనిపిస్తే చెయ్యి ఆగనివాళ్లకు ఇది చిన్న సాయమే. అయితే అది తిండిని అదుపు చేసుకోవడం, జబ్బును నయం చేయడం కాదు.

మరి నెత్తురు సంగతేంటి?

నాలుక దాటాక కూడా పొడపత్రి ఏదో చేస్తుందనడానికి ఆధారాలు ఉన్నాయి. పేగుల్లోంచి గ్లూకోజు నెత్తురులోకి చేరడాన్ని కొంత నెమ్మదింపజేస్తుందనీ, క్లోమ గ్రంథి నుంచి ఇన్సులిన్‌ విడుదలను పెంచుతుందనీ జంతువుల మీద, ప్రయోగశాలల్లో జరిగిన పరీక్షలు చెబుతున్నాయి.

మనుషుల మీద జరిగిన వాటిలో ఎక్కువగా ఉదహరించేది మద్రాసు పరిశోధకులు 1990లో ప్రచురించిన అధ్యయనం. పెద్ద వయసులో వచ్చే షుగరు (టైప్‌-2) ఉన్న 22 మందికి రోజుకు 400 మిల్లీగ్రాముల పొడపత్రి సారాన్ని పద్దెనిమిది నుంచి ఇరవై నెలలపాటు ఇచ్చారు. వాళ్లు రోజూ వేసుకునే గోళీలు ఆపలేదు. నెత్తురులో చక్కెర తగ్గింది. గోళీల మోతాదు తగ్గించగలిగారు. అయిదుగురు గోళీలు పూర్తిగా మానగలిగారు. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనంలో ఇన్సులిన్‌ మీద బతికే 27 మందికి ఇదే సారం ఇస్తే ఇన్సులిన్‌ అవసరం తగ్గింది.

మందు పొట్లాల మీద, డబ్బాల మీద కనిపించే గొప్పలకు చాలావరకు మూలం ఇదే. అబద్ధం కాదు. కానీ నిజం మొత్తం కూడా కాదు. 22 మందంటే పల్లెవెలుగు బస్సులో సగం సీట్లు కూడా నిండవు. సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి గోళీ చీటీలు తీసి ఇచ్చి, ఎవరికేది వెళ్లిందో తెలియకుండా పోల్చి చూసే పద్ధతి అక్కడ పాటించలేదు. ఆ అయిదుగురి మాట చెప్పేవాళ్లు మిగిలిన పదిహేడుగురి మాట చెప్పరు. వాళ్లు గోళీలు మానలేదు. మానిన అయిదుగురు కూడా సంతలో ఎవరో చెప్పారని మానలేదు. నెత్తురు పరీక్షలు చేయించుకుంటూ, వైద్యుల కళ్లముందు, ఏడాదికి పైగా గడిచే క్రమంలో మానారు.

ఇంకో సంగతి. అక్కడ వాడింది లెక్కగట్టి తయారుచేసిన సారం. మనం ఇంట్లో మజ్జిగలో కలుపుకునే చెంచాడు పొడిలో అసలు పదార్థం ఎంతుందో ఎవరికీ తెలియదు. తీగ పెరిగిన నేలను బట్టి, కోసిన కాలాన్ని బట్టి, ఎండబెట్టిన తీరును బట్టి అది మారిపోతుంది. తర్వాత వచ్చిన చిన్న చిన్న అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు కూడా 'కొంత మేలు కనిపిస్తోంది, గట్టి పరీక్షలు ఇంకా కావాలి' అన్న దగ్గరే ఆగాయి.

ఆకు కంటే మానేయడమే ముప్పు

షుగరుతో వచ్చిన చిక్కేమిటంటే అది నొప్పి పుట్టించదు. గోళీలు మానేసిన మర్నాడు ఏమీ కాదు. వారానికీ ఏమీ తెలియకపోవచ్చు. 'ఆకు పనిచేస్తోంది, ఒళ్లు తేలిగ్గా ఉంది' అనిపిస్తుంది. లోపల మాత్రం చక్కెర పేరుకున్న నెత్తురు కంటి వెనక సన్నటి రక్తనాళాలనూ, మూత్రపిండాలనూ, కాళ్ల నరాలనూ తినేస్తూ ఉంటుంది. పొలం పనికి వట్టి కాళ్లతో వెళ్లే మనిషికి అరికాలి స్పర్శ పోతే ముల్లు దిగినా తెలియదు. తెలిసేసరికి పుండు చీము పట్టి ఉంటుంది. గద్వాల నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి పరుగెత్తేసరికి వేలో, పాదమో తీసేయక తప్పని స్థితి వస్తుంది. ఆ పాపం ఆకుది కాదు. ఆకును నమ్మి పోగొట్టుకున్న నెలలది.

చిన్నపిల్లలకు, యుక్తవయసు వాళ్లకు వచ్చే టైప్‌-1 షుగరులో ఇంత గడువు కూడా ఉండదు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్‌ దాదాపు తయారు కాదు. ఏ ఆకుపసరు కోసమో ఇన్సులిన్‌ ఆపితే రోజుల్లోనే వాంతులు, ఆయాసం, స్పృహ తప్పడం... ప్రాణం మీదికి వస్తుంది. 1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను కనుక్కునే దాకా ఆ జబ్బు వచ్చిన పిల్లలు బతికేవాళ్లే కాదు. ఈ విషయంలో 'ఓసారి చూద్దాం' అన్న మాటకే చోటు లేదు.

మరి రెండూ కలిపి వాడితే? అక్కడ ఎదురు ప్రమాదం ఉంది. గ్లిమిపిరైడ్‌, గ్లిబెన్‌క్లమైడ్‌ లాంటి గోళీలు, ఇన్సులిన్‌ నెత్తురులో చక్కెరను దించుతాయి. వాటికి పొడపత్రి తోడైతే, ఆపైన ఉపవాసమో, ఎండలో పత్తి చేను పనో కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్లు తిరగడం, మాట తడబడటం దాని గుర్తులు. అప్పుడు వెంటనే చక్కెర నీళ్లో, గ్లూకోజో తాగించాలి. ఆకు నమిలి ఉంటే ఆ నీళ్లు చప్పగా ఉంటాయి. అయినా తాగించాలి. నాలుకకు తెలియకపోయినా ఒంటికి అది అందుతుంది. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా దవాఖానకు తీసుకెళ్లాలి.

కాలేయం సంగతి కూడా ఉంది. పొడపత్రి వాడిన ఒక షుగరు రోగికి కాలేయం వాచి కామెర్లు వచ్చాయని ఇజ్రాయెల్‌ వైద్యులు 2010లో ఒక వైద్య పత్రికలో రాశారు. ఇలాంటివి అరుదు. కానీ 'ఆకే కదా, ఏం చేస్తుంది' అనే మాటకు అదొక జవాబు.

తిప్పతీగ చెప్పిన పాఠం

ఆ జవాబు కొవిడ్‌ రోజుల్లో ఇంకా గట్టిగా వినిపించింది. రోగ నిరోధక శక్తి కోసమంటూ అప్పుడు ఊరూరా తిప్పతీగ కషాయం కాచుకున్నారు. 2020 సెప్టెంబరు-డిసెంబరు మధ్య తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్‌ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు. వాళ్లు తిన్నది అసలు తిప్పతీగేనా, అదే జాతిలోని మరో తీగా అని ప్రశ్నించింది. మరుసటి ఏడాది పదమూడు ఆసుపత్రుల నుంచి ఇలాంటి 43 మంది వివరాలు ప్రచురితమయ్యాయి. ఆ అధ్యయనంలో హైదరాబాద్‌ వైద్యులూ ఉన్నారు. సొంత రోగ నిరోధక వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు చాలామందిలో బయటపడింది. అందరికీ మేలని చెప్పిన తీగ కొందరికి కీడు చేసింది. ఆ కొందరిలో తామున్నామో లేదో వాళ్లకు ముందు తెలియదు.

పొట్లంలో ఏముంది?

ఆకును గుర్తుపట్టవచ్చు. పొడిని గుర్తుపట్టడం కష్టం. మేషశృంగి అన్న పేరుతోనే గ్రంథాల్లో వేరే చెట్టును కూడా చెబుతారు. ఎండి పొడి అయ్యాక ఏ ఆకుపచ్చైనా ఒకటే.

నిజానికి నాలుక పరీక్ష పనికొచ్చేది ఇక్కడే. పొడి నోట్లో కాసేపు ఉంచుకుని, ఊసేసి చక్కెర వేసుకోండి. తీపి తెలియకపోతే అందులో పొడపత్రి ఉన్నట్టు. తెలిస్తే లేనట్టో, పాడైనట్టో. ఆ పరీక్ష ఆకు అసలుదని చెబుతుంది. జబ్బు పోయిందని చెప్పదు. అందులో ఇంకేం కలిసిందో కూడా చెప్పదు.

కలిపేది మరో ఆకైతే కొంత నయం. అసలు భయం వేరే ఉంది. 2000లో అమెరికాలోని కాలిఫోర్నియా అధికారులు చైనా మూలికలతో చేసిన షుగరు మందులను పరీక్షిస్తే వాటిలో గ్లిబెన్‌క్లమైడ్‌, ఫెన్‌ఫార్మిన్‌ అనే ఇంగ్లిషు మందులు బయటపడ్డాయి. ఫెన్‌ఫార్మిన్‌ ప్రమాదకరమని అమెరికా 1977లోనే మార్కెట్లోంచి తీసేసిన మందు! 2008లో సింగపూర్‌లో షుగరు లేని 150 మంది చక్కెర ప్రమాదకరంగా పడిపోయి అయిదు నెలల్లో ఆసుపత్రుల పాలయ్యారు. నలుగురు చనిపోయారు. వాళ్లలో చాలామంది మగతనం పెంచుతాయన్న మందులు వాడారు. ఆ మందుల్లో గ్లిబెన్‌క్లమైడ్‌ కలిసి ఉంది. మన మూలికా మందుల మాటకొస్తే, అమెరికాలోని బోస్టన్‌ ప్రాంతంలో అమ్మే దక్షిణాసియా ఆయుర్వేద ఉత్పత్తులు డెబ్భై తీసుకుని పరీక్షిస్తే పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌ లాంటివి కనిపించాయని 2004లో ఒక అధ్యయనం తేల్చింది.

కాబట్టి ఏదైనా 'మూలికల పొడి' మూడు రోజుల్లో చక్కెరను సగానికి దించేస్తే సంబరపడకండి. అనుమానించండి.

మన చట్టం కూడా ఈ విషయంలో మెత్తనిదేం కాదు. 1954 నాటి మందులు, అద్భుత చికిత్సల ప్రకటనల చట్టం ప్రకారం మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. 'షుగరు మాయం' అని గోడల మీద రాసేవాళ్లు ఆ ఒక్క మాటతోనే చట్టం దాటినట్టు.

మందు కూడా ఆకులోంచే

ఇదంతా చదివి 'అయితే ఆకులన్నీ పనికిరావా, ఇంగ్లిషు మందులే గొప్పా' అనుకోవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరుకు ఇచ్చే తెల్లటి మెట్‌ఫార్మిన్‌ గోళీ కథ చూడండి. దాని మూలం ఐరోపాలో పెరిగే గలేగా అనే మొక్క. ఆ మొక్కలో చక్కెరను దించే పదార్థం ఉంది, అది విషం కూడా. దాని పోలికలో తక్కువ హాని చేసే మందును 1922లో తయారుచేశారు. ఫ్రాన్సులో జాన్‌ స్టెర్న్‌ అనే వైద్యుడు దాన్ని షుగరు రోగులకు వాడి 1957లో ఫలితాలు ప్రకటించాడు. అంటే మొక్క నుంచి గోళీ దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. ఆ కాలమంతా ఎంత వేస్తే మేలు, ఎంత వేస్తే కీడు, ఎవరికి ఇవ్వకూడదు అని తేల్చడానికే సరిపోయింది.

పొడపత్రి ఇంకా ఆ దారి మధ్యలో ఉంది. రేపు దానిలోంచీ ఓ మంచి మందు రావచ్చు. వచ్చిన నాడు ఆ తీగను ఇంతకాలం కాపాడుకొచ్చిన పెంటలకు అందులో వాటా దక్కాలి కూడా. ఆ దారి పూర్తికాకముందే గమ్యం చేరిపోయామని అనుకోవడంతోనే పేచీ.

షుగరు ఇప్పుడు పట్నం రోగం కాదు. దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బు ఉందని ఇండియాబ్‌ అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. జొన్నరొట్టె, సంగటి తిని పెరిగిన పాలమూరు ఇళ్లలోనూ ఇప్పుడు అత్తకు బీపీ గోళీ, మామకు షుగరు గోళీ మామూలైపోయాయి. నెలనెలా గోళీలు తెచ్చుకుని రోజూ మింగడం ఎవరికైనా విసుగే. 'నలభై రోజుల్లో పోతుంది' అనేవాడి మాట ఆ విసుగు మీదే పనిచేస్తుంది. అందుకే ఆ మాట నమ్మిన పెద్దమ్మను తిట్టి లాభం లేదు. ఇంటికొచ్చాక కొడుకో కోడలో పక్కన కూర్చుని, "ఆకు సంగతి డాక్టరు సారును అడుగుదాం అత్తా, గోళీ మాత్రం మానకు. నెల తర్వాత నెత్తురు చూపిద్దాం, అది ఏం చెబితే అదే నిజం" అంటే చాలు.

నాలుకను మాయ చేయవచ్చు. నెత్తురు పరీక్ష మాయకు లొంగదు.

పొడపత్రి వాడాలనుకుంటే...

* మీ డాక్టరుకు ముందే చెప్పండి. 'తిడతారేమో' అని దాచొద్దు. ఆయుర్వేదంలో వాడాలనుకుంటే పట్టా ఉన్న వైద్యుణ్నే కలవండి. వేసుకునే గోళీల చీటీ వెంట తీసుకెళ్లండి.

* గోళీలు, ఇన్సులిన్‌ సొంతంగా తగ్గించొద్దు, మానొద్దు. టైప్‌-1 షుగరు ఉన్నవాళ్లు అసలు ఆ ఆలోచనే చేయొద్దు.

* మొదలుపెట్టే ముందు ఓసారి, తర్వాత డాక్టరు చెప్పిన గడువులో మళ్లీ చక్కెర పరీక్ష చేయించుకోండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షే అసలు సాక్షి.

* గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, కాలేయ జబ్బులున్నవాళ్లు దీనికి దూరంగా ఉండటం మంచిది. ఆపరేషన్‌ ఉంటే కనీసం రెండు వారాల ముందే మానేసి, ఆ సంగతి సర్జనుకు చెప్పండి.

* కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఆకలి చచ్చి వికారంగా ఉన్నా వెంటనే ఆపేసి దవాఖానకు వెళ్లండి. వాడిన డబ్బా వెంట పట్టుకెళ్లండి.

* డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్‌ నంబరు, గడువు తేదీ చూడండి. పద్నాలుగు అంకెల ఫుడ్‌ లైసెన్సు నంబరు ఉంటే అది ఆహారం కిందికి వస్తుంది, మందు కాదు. ఆయుర్వేద మందుకు వేరే తయారీ లైసెన్సు ఉంటుంది.

* ఉపవాసం రోజున ఆకు, గోళీ కలిపి వేసుకుని ఖాళీ కడుపుతో ఉండొద్దు. జేబులోనో కొంగులోనో కాస్త చక్కెర ఉంచుకోండి.